క్వెరీట్రాకర్‌తో మూడేళ్ళు: ఒక ఫాంటసీ నవల, 64 ఉత్తరాలు

ముందే చెప్పేస్తాను. క్వెరీట్రాకర్ అంటే రచయితలు సాహిత్య ఏజెంట్లను వెతుక్కుని, వాళ్ళకు పంపిన ఉత్తరాల లెక్క పెట్టుకునే వెబ్‌సైటు. దానికి ఏడాదికి 25 డాలర్లు కట్టడం నాకు దండగ అనిపించలేదు. మూడేళ్ళుగా వాడుతున్నాను. ఇంకా ఏజెంటు దొరకలేదు, అయినా ఈ మాట అంటున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేముండేది నల్లకుంటలో. సనత్‌నగర్‌లో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రాత్రిళ్ళు కూర్చుని ఆరేళ్ళలో రాసుకున్నది 1908 మూసీ వరద మీద ఒక ఇంగ్లీషు ఫాంటసీ నవల. ఇంగ్లీషులో ఎందుకంటే ఈ తరహా పుస్తకాలు నేను చదివిందంతా అందులోనే. తెలుగులో రాసి ఉంటే దారి వేరుగా ఉండేది. మనకు రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య ఏజెంటు అనే మనిషి ఉండే అలవాటు లేదు. వారపత్రికకు పంపుతాం, లేదా తెలిసినవాళ్ళ ద్వారా ప్రచురణకర్తను కలుస్తాం, అదీ కుదరకపోతే సొంత డబ్బుతో అచ్చేయించుకుని బుక్ ఫెయిర్‌లో ఎవరి స్టాల్‌లోనో పెట్టిస్తాం. న్యూయార్క్, లండన్‌లలోని పెద్ద సంస్థలు మాత్రం రచయిత నేరుగా పంపినది సాధారణంగా చూడవు. రచయిత తరఫున పుస్తకాన్ని వాళ్ళకు అమ్మిపెట్టే ఏజెంటు ద్వారానే రావాలి. ఆ ఏజెంటుకు రాసే ఒక పేజీ ఉత్తరాన్నే క్వెరీ అంటారు.

మా నాన్న ఒకప్పుడు వారపత్రికలకు కథలు పంపేవారు. ఇదంతా వివరంగా చెప్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "తిరుగు టపా కవరు పెట్టావా అమ్మా?" స్టాంపులు అంటించి సొంత చిరునామా రాసిన కవరు జతచేస్తే, వేసుకోని కథ ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి తిరిగొచ్చేదట. క్వెరీల్లో ఆ భరోసా లేదు. చాలామంది ఏజెంట్లు తమ పేజీలోనే రాసి పెడతారు: ఎనిమిది వారాల్లోనో పన్నెండు వారాల్లోనో జవాబు రాకపోతే వద్దన్నట్టే అనుకోండి అని. క్వెరీట్రాకర్ నాకు అక్కరకొచ్చింది సరిగ్గా ఈ మౌనం దగ్గరే.

మొదలుపెట్టింది 2022 జూన్‌లో. తెలియనితనంతో రెండు రాత్రుల్లో 22 మందికి ఒకే ఉత్తరం పంపేశాను. అప్పటికి నవల 1,68,000 పదాలు. పెద్దవాళ్ళ కోసం రాసే ఫాంటసీలో కొత్త రచయిత నుంచి ఏజెంట్లు ఆశించేది సుమారు 90,000 నుంచి 1,20,000 పదాలు. నేరపరిశోధన నవలైతే 70,000 నుంచి 90,000. నా అంకె చూసిన చోటే చాలామంది ఆగిపోయి ఉంటారు. 15 మంది ఒకే మూసలో ఉన్న తిరస్కరణలు పంపారు, ఏడుగురు అసలు పలకలేదు. పూర్తిగా తిరగరాస్తే తప్ప ఒకే నవలను అదే ఏజెంటుకు రెండోసారి పంపకూడదు. అంటే ఈ పుస్తకానికి ఆ 22 మందినీ పోగొట్టుకున్నట్టే. వాళ్ళలో ఇద్దరు చారిత్రక ఫాంటసీ కావాలని రాసుకున్నవాళ్ళు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

క్వెరీట్రాకర్‌లో చేరింది ఆ తర్వాతే. ఉచిత ఖాతాతోనే ఏజెంట్ల జాబితా దొరుకుతుంది, ఎవరు ఏ తరహా పుస్తకాలు తీసుకుంటారో చూడొచ్చు, ఎవరికి ఏ తేదీన పంపామో రాసి పెట్టుకోవచ్చు. మొదటి ఆరు నెలలు నేను దానితోనే గడిపాను, కొత్తవాళ్ళకు అది చాలు. తర్వాత ఆ 25 డాలర్ల ప్రీమియం ఖాతా తీసుకున్నాను. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకుంటే ఇక్కడి నుంచే కట్టొచ్చు. బ్యాంకు తన మార్పిడి రుసుము అదనంగా వేసుకుంటుంది.

ప్రీమియంలో అసలు సరుకు టైమ్‌లైన్. ఒక ఏజెంటుకు వచ్చిన క్వెరీలు తేదీల వరుసలో కనిపిస్తాయి, దేనికి ఏ రోజు ఏం జవాబు వచ్చిందో పక్కనే ఉంటుంది. 2023 మార్చిలో ఒక రాత్రి చూస్తున్నాను. నేను క్వెరీ పంపిన ఒక ఏజెంటు నాకంటే ముందు పంపినవాళ్ళకు వద్దని చెప్పారు, నా తర్వాత పంపినవాళ్ళకూ చెప్పారు. మధ్యలో నా వరుస ఒక్కటే ఖాళీ. మర్చిపోయారా, పక్కన పెట్టుకున్నారా? అప్పటిదాకా ఆ మౌనం నాకు నల్లటి గోడలా ఉండేది. ఆ రాత్రి మొదటిసారి దానికి ఒక అర్థం ఉండొచ్చనిపించింది. క్వెరీ పంపిన 54వ రోజున జవాబు వచ్చింది. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, వాళ్ళకు ఉదయం పదకొండు. పెసరట్ల పిండి రుబ్బుతున్నాను, తడి చేత్తోనే ఫోన్ తీశాను. మొత్తం నవల పంపమన్నారు. దీన్నే ఫుల్ రిక్వెస్ట్ అంటారు. మిక్సీ ఆపి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

ఆ ఉత్తరం రావడానికి క్వెరీట్రాకర్ ఒక్కటే కారణం కాదు. మధ్యలో నాలుగు నెలలు ఎవరికీ ఏమీ పంపలేదు. నవలను 1,18,000 పదాలకు కోశాను. చివర్లో పెట్టిన పదాల పట్టిక తీసేశాను. ఉత్తరం మొత్తం మార్చాను. పాతది ఇలా మొదలయ్యేది: హైదరాబాద్ నాలుగు వందల ఏళ్ళు దాటిన నగరం, మూసీ దానికి ప్రాణం. రెండు పేరాల చరిత్ర అయ్యాక గానీ కథలోని అమ్మాయి కనిపించేది కాదు. కొత్తదాని మొదటి వాక్యాల సారాంశం ఇది: 1908 సెప్టెంబరు 28న అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కిన వాళ్ళలో పంతొమ్మిదేళ్ళ సకీనాకు మాత్రమే నది మాటలు వినిపిస్తున్నాయి. నది ఒక్క మనిషిని ఇమ్మంటోంది. ఆ మనిషి పై కొమ్మ మీద వణుకుతున్న ఆమె తమ్ముడు.

ఆ చెట్టు నేను కల్పించింది కాదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. దాన్నెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్తారు. అమెరికాలో కూర్చున్న ఏజెంటుకు మూసీ అంటే ఏమిటో తెలియాల్సిన పని లేదు. ఎవరికి ఏం కావాలి, అడ్డం ఏమిటి, తప్పితే ఏం పోతుంది, ఈ మూడూ 250, 300 పదాల్లో తెలియాలి. ఆ తర్వాత నవల పేరు, తరహా, పదాల సంఖ్య, గత మూడు నుంచి ఐదేళ్ళలో వచ్చిన పోలిక పుస్తకాలు రెండు, మన గురించి రెండు ముక్కలు. పోలికకు ప్రపంచమంతా ఎరిగిన మహా పుస్తకాన్ని పెట్టకండి. మన పుస్తకం షాపులో ఏ అరలో ఉంటుందో వాళ్ళకు తెలియడానికే ఆ పేర్లు. సినాప్సిస్, అంటే కథ మొత్తం సారాంశం, అడిగితే ముగింపుతో సహా చెప్పేయాలి, దాచకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

ఈ కొత్త ఉత్తరం 42 మందికి పంపాను, విడతకు ఆరుగురు చొప్పున. ఒక విడతలో అందరూ వద్దంటే తర్వాతి విడతకు ముందు మొదటి పది పేజీలు మళ్ళీ దిద్దాను. ఐదుగురు మొత్తం నవల అడిగారు. ఎవరూ తీసుకోలేదు. ఒకరు మాత్రం రెండు పేరాలు రాశారు: వరద తగ్గాక కథకు ఊపు పోతోందని, సకీనా నిర్ణయాలు తీసుకోవడం మానేసి జరిగేది చూస్తూ ఉండిపోతోందని. ఆ ఉత్తరం ప్రింట్ తీసి బల్లకు ఎదురుగా అంటించుకున్నాను. అది అక్షరాలా నిజం.

ఇక క్వెరీట్రాకర్ లోపాలు. ఇందులోని లెక్కలన్నీ వాడుకదారులు తమంతట తాము నమోదు చేసినవి. పంపి నమోదు చేయనివాళ్ళ సంగతి అందులో ఉండదు కాబట్టి శాతాలను వేదవాక్కుగా తీసుకోకూడదు. తరహాల విభజన కూడా మోటుగా ఉంటుంది. ఫాంటసీ అని వెతికితే యుద్ధాలూ డ్రాగన్లూ కోరుకునేవాళ్ళు, నాలాంటి నది కథ కోరుకునేవాళ్ళు ఒకే జాబితాలో వస్తారు. ఒక్కో ఏజెంటు సొంత పేజీ, తమకు ఎలాంటి పుస్తకాలు కావాలో ఏజెంట్లు చెప్పుకునే మాన్యుస్క్రిప్ట్ విష్ లిస్ట్ అనే సైటులో వాళ్ళు రాసుకున్నదీ చదవక తప్పదు. నేను ఒక్కొక్కరికి అరగంట కేటాయిస్తాను. కొన్ని ఏజెన్సీల్లో ఒకరు వద్దంటే అందరూ వద్దన్నట్టే, అది కూడా అక్కడే తెలుస్తుంది. చాలామంది ఇప్పుడు ఈమెయిల్ కాకుండా క్వెరీమేనేజర్ ఫారం ద్వారానే తీసుకుంటున్నారు. అది క్వెరీట్రాకర్ వాళ్ళదే. పంపాక మన క్వెరీ స్థితి చూసుకునే లింకు ఇస్తారు, అది మేలు.

నాకు పెద్ద ఇబ్బంది ఇంకోటి. మన దేశపు ఏజెన్సీల కోసం వెతికితే క్వెరీట్రాకర్‌లో దొరకలేదు. బెంగళూరులో మొదలైన జకరండా, జైపూర్‌లో సియాహీ, ఢిల్లీలో రైటర్స్ సైడ్ లాంటివాటి నియమాలు వాటి సొంత సైట్లలోనే చూసుకుని, విడిగా ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకున్నాను.

టెన్షన్ సంగతి కూడా చెప్పాలి. టైమ్‌లైన్ రోజూ చూడటం మొదలైతే ఆగదు. వాళ్ళ పగలు మనకు రాత్రి, న్యూయార్క్‌తో వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. నేను తెల్లవారుజామున రెండింటికి లేచి చూసిన రోజులున్నాయి. "ఆ ఫోన్ హాల్లో పెట్టి పడుకో" అని మా ఆయన ఎన్నిసార్లు అన్నారో. ఇప్పుడు ఆదివారం ఉదయం మాత్రమే తెరుస్తాను. ఆగస్టులో, డిసెంబరు నడిమి నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ పనులు నెమ్మదిస్తాయి. ఆ రోజుల్లో చూడను కూడా చూడను.

ఒక దెబ్బ తిన్నాను. ఏజెంటునంటూ ఒకరు నాకే మెయిల్ చేశారు. నవల అద్భుతమన్నారు, "మూల్యాంకన రుసుము" 3,500 రూపాయలు కట్టమన్నారు. కట్టాను. తర్వాత ఎడిటింగ్‌కు ఇంకో 40,000 అడిగేసరికి తెలివి వచ్చింది. నిజమైన ఏజెంటు చదవడానికి డబ్బు తీసుకోరు. పుస్తకం అమ్మితే కమిషన్ తీసుకుంటారు: సొంత దేశంలో అమ్మకానికి 15 శాతం, విదేశీ హక్కులకు సాధారణంగా 20. వలలో పడకముందే చూసుకోవాల్సింది రైటర్ బివేర్ అనే సైటు. విక్టోరియా స్ట్రాస్, ఎ.సి. క్రిస్పిన్ అనే ఇద్దరు రచయిత్రులు 1998లో మొదలుపెట్టారు, ఇలాంటి మోసాలను బయటపెడుతుంది. అసలు ఏజెంట్ల పేర్లతోనే దొంగ మెయిళ్ళు రావడం ఇప్పుడు మామూలైపోయింది. మెయిల్ చిరునామాను ఏజెన్సీ సైట్‌లో ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.

హైదరాబాద్‌లో ఉన్నామని వెనకాడక్కర్లేదు. ఐదుగురు నవల అడిగారంటే చిరునామా చూసి కాదు కదా. రేపు అమెరికా నుంచి రాయల్టీ వచ్చే రోజు వస్తే డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారంలో పాన్ నంబరు వేసి ఇస్తే వాళ్ళు పట్టుకునే పన్ను 30 శాతం నుంచి 15కి తగ్గుతుంది. అకౌంట్స్ మనిషిని కాబట్టి అది మాత్రం ముందే చదివి పెట్టుకున్నాను.

మూసీ నవలను ప్రస్తుతానికి పక్కన పెట్టాను. రెండోది సికింద్రాబాద్‌లో జరిగే నేరపరిశోధన నవల, 78,000 పదాలు. జనవరి నుంచి 14 మందికి పంపాను, ఇద్దరి దగ్గర మొత్తం నవల ఉంది. ఉచిత ఖాతాలో ఒక పుస్తకానికే చోటు. ప్రీమియంలో రెండూ వేర్వేరుగా పెట్టుకోవచ్చు, పాత 64 వరుసలూ చెరిగిపోకుండా ఉంటాయి. మొదటిసారి మౌనంగా ఉండిపోయినవాళ్ళలో ముగ్గురు ఈసారి మొదటి వారంలోనే జవాబిచ్చారు. అది తెలిసింది ఆ వరుసల వల్లే. ఈ నెలాఖరుకు నా గడువు తీరుతుంది, మళ్ళీ కడుతున్నాను.