పదకొండేళ్లుగా సీ4: ఇంగ్లీష్ ఓపెనింగ్ వాడి చూశాక

2014లో ఒక ఆదివారం ర్యాపిడ్ చెస్ టోర్నమెంటు. ఆ రోజు తెల్లకాయలు వచ్చిన మూడు గేముల్లోనూ ఈ4 ఆడాను, అంటే రాజు ముందున్న బంటుని రెండు గళ్లు తోశాను (గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస). మూడింట్లోనూ ఎదుటివాళ్లు సిసిలియన్, అంటే జవాబుగా సీ5 ఆడారు, మూడూ ఓడిపోయాను. ముగ్గురూ స్కూలు పిల్లలే. పదిహేనో ఎత్తు దాకా టకటకా ఆడేసి, అప్పుడు తీరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టేవాళ్లు. అప్పటికి నా గడియారంలో సగం అయిపోయి ఉండేది. మూడో పిల్లాడు చెయ్యి కలిపి, "అంకుల్, ఇంకా ఆ లైనే ఆడుతున్నారా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చాక ఈ4కి దణ్ణం పెట్టేసి సీ4 పట్టుకున్నాను. సీ4తో మొదలయ్యే ఆటనే ఇంగ్లీష్ ఓపెనింగ్ అంటారు, ఓపెనింగ్ అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరస. "ఇంగ్లీష్ ఓపెనింగ్‌లో బట్టీ పట్టాల్సిన పని లేదు, నల్లకాయలవాడు ఏం ఆడినా సీ4, జీ3, బిషప్ జీ2 ఆడుకుంటూ పోవచ్చు" అని అందరూ చెప్పే మాటే నన్ను అటు లాగింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసు, రాత్రి అరగంట చెస్, పదహారు వందల చుట్టూ తచ్చాడే రేటింగ్. నాలాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. పదకొండేళ్లయింది. ఆ మాటలో ఎంత నిజం ఉందో ఇప్పుడు చెప్పగలను. సగం నిజం.

ముందు ఒక మాట. ఇంట్లో ఆడేటప్పుడు నాకు ఒంటె, మంత్రి అనే అలవాటు. టోర్నమెంటు హాల్లోకి అడుగు పెట్టగానే అవి బిషప్, క్వీన్ అయిపోతాయి. గుర్రం, ఏనుగు, బంటు మాత్రం ఎక్కడైనా అవే. ఇక్కడా అలాగే రాస్తున్నాను, సర్దుకోండి. "ఇంగ్లీష్ ఓపెనింగ్ ఏంటి, తెలుగు మీడియంలో లేదా?" అని మా బావమరిది ఇప్పటికీ అడుగుతుంటాడు. 1843లో పారిస్‌లో ఫ్రెంచి ఆటగాడు సెయింట్ అమాంట్‌తో జరిగిన మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ సీ4 ఆడటం వల్ల ఆ పేరు వచ్చింది. ఇవాళ టోర్నమెంటుల్లో మనం వాడే కాయల నమూనాకి ఉన్నదీ ఆ స్టాంటన్ పేరే.

మొదటి ఏడాది బ్రహ్మాండంగా గడిచింది. నేను సీ4 తోయగానే పిల్లలు చేతులు వెనక్కి తీసుకుని ఆలోచించేవాళ్లు. నాకు ఆ ఆనందమే చాలు. ఎక్కువగా బోత్విన్నిక్ అమరిక ఆడేవాణ్ణి. బంట్లు సీ4, డీ3, ఈ4, జీ3లో, బిషప్ జీ2లో, గుర్రాలు సీ3, ఈ2లో. క్యాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపి రాజుని పక్కకి దాచడం) అయ్యాక అవసరాన్ని బట్టి ఎఫ్4 తోయడమో, ఏనుగుని బీ1కి జరిపి బీ4 తోయడమో. చూడటానికి గోడ కట్టినట్టు ఉంటుంది. ఆ గోడకి ఒక కన్నం ఉంది, అది డీ4 గడి. సీ బంటు, ఈ బంటు రెండూ ముందుకు వెళ్లిపోయాక ఆ గడిని కాయడానికి బంటు మిగలదు. నల్ల గుర్రం అక్కడ దిగిందంటే అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడిలా తిష్ట వేస్తుంది. పైగా నా సొంత ఈ4 బంటే జీ2 బిషప్‌కి అడ్డం. ఈ రెండు లోపాలూ నాకు కంప్యూటర్ చెప్పలేదు, ఓటములు చెప్పాయి.

అన్నిటికంటే బాగా గుర్తున్న ఓటమి ఇంకోటి ఉంది. అది బోత్విన్నిక్ అమరిక కాదు, మామూలు పద్ధతే. నేను సీ4, అతను ఈ5. రంగులు తిరగేసిన సిసిలియన్ అన్నమాట, నాకు ఒక ఎత్తు అదనం. గుర్రం సీ3, జీ3, బిషప్ జీ2, డీ3, గుర్రం ఎఫ్3, క్యాస్లింగ్. తర్వాత పుస్తకంలో చెప్పినట్టే ఏనుగు బీ1, ఏ3, బీ4, బీ5. బీ5 తోయగానే సీ6లో ఉన్న అతని గుర్రం లేచింది, నా జీ2 బిషప్‌కి దారి తెరుచుకుంది. పనయిందనుకుని వెళ్లి టీ తెచ్చుకున్నాను. ఆ గుర్రం ఈ7కి వెళ్లింది, అక్కడి నుంచి జీ6కి. అంటే దాన్ని నా రాజు మీదకి తోలింది నేనే! తర్వాత అతను ఎఫ్4 తోశాడు. క్వీన్ ఈ8 మీదుగా హెచ్5కి చేరింది. బిషప్ హెచ్3కి వచ్చి నా జీ2 బిషప్‌ని మార్చేసుకుంది. ఎఫ్ బంటు జీ3ని కొట్టింది, నేను హెచ్ బంటుతో తిరిగి కొట్టాను. రెండో గుర్రం జీ4కి వచ్చింది. హెచ్2ని కాస్తున్నది నా ఎఫ్3 గుర్రం ఒక్కటే, అది ఉన్నంతవరకు ఫరవాలేదనుకున్నాను. అతను ఏనుగు ఇచ్చేసి ఆ గుర్రాన్ని కొట్టాడు. నేను ఈ బంటుతో ఏనుగుని కొట్టాను. క్వీన్ హెచ్2లో దిగింది. మేట్. నా ఏనుగు అప్పటికి ఏ7లో దర్జాగా కూర్చుని ఉంది, దానికి ఈ సంగతేదీ పట్టలేదు. టీ చల్లారిపోయింది.

ఆ గేమును నెల రోజులు తిరగేశాను. మందు చాలా చిన్నది. నల్లవాడు ఎఫ్5 తోశాడంటే గుర్రాన్ని ఎఫ్3లో పెట్టకుండా, ముందు ఈ3 తోసి ఈ2లో పెట్టాలి. అప్పుడు ఎఫ్4 గడిని ఈ3 బంటు, జీ3 బంటు, ఈ2 గుర్రం మూడూ కాస్తాయి. అతని దాడికి మొదటి మెట్టే ఉండదు. ఈ ఒక్క సంగతి తెలిశాక ఇలాంటి ఓటములు నాకు దాదాపు ఆగిపోయాయి. "ఏం ఆడినా అదే అమరిక" అన్న మాట మీద నమ్మకం పోయింది కూడా అప్పుడే. అమరిక చూడటానికి ఒకటే. గుర్రం ఎఫ్3కా, ఈ2కా, ఏ ఎత్తులో అనేదే అసలు ఓపెనింగ్.

రెండో దెబ్బ ఇంతకంటే వింతగా తగిలింది. సీ4 ఈ5, జీ3 సీ6. సీ6 చూసి మెత్తటి ఎత్తు అనుకుని గుర్రం ఎఫ్3 ఆడాను. అతను ఈ4 తోశాడు, గుర్రం డీ4కి పోయింది. డీ5 తోశాడు, సీ బంటుతో కొట్టాను. క్వీన్‌తో తిరిగి కొట్టి గుర్రం మీద పడ్డాడు, అది సీ2కి పారిపోయింది. లెక్క చూసుకుంటే ఆరు ఎత్తుల్లో మూడు ఒక్క గుర్రానివే, అదీ చివరికి క్వీన్ పక్కన ముడుచుకుని కూర్చోడానికి. నిజానికి ఆ పొజిషన్‌లో తెల్లవాడికి ప్రమాదమేమీ లేదు, పెద్దవాళ్లు కావాలనే ఆడతారు. కానీ దాని సంగతి తెలియకుండా అక్కడికి చేరితే కాళ్లూ చేతులూ ఆడవు. ఇప్పుడు రెండో ఎత్తులో జీ3 మానేసి గుర్రం సీ3 ఆడుతున్నాను. దాంతో ఈ తలనొప్పి చాలావరకు పోయింది, నల్ల బిషప్ బీ4కి వచ్చే తలనొప్పి మొదలైంది. ఈ ఓపెనింగ్‌లో అన్నీ ఇలాగే ఉంటాయి. ఒక కిటికీ మూస్తే ఇంకో కిటికీ తెరుచుకుంటుంది.

బట్టీ సంగతికి వద్దాం. లైన్లు పదిహేనో ఎత్తు దాకా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం నిజంగానే తగ్గింది. కానీ ఆ బరువు ఇంకో చోటికి మారింది. సీ4 ఆడినవాడు ఎప్పుడు ఏ ఓపెనింగ్‌లోకి జారుతున్నాడో తెలుసుకోవాలి. నల్లవాడు ఈ6, డీ5 ఆడితే నేను డీ4 తోయగానే అది క్వీన్స్ గ్యాంబిట్. సీ6 ఆడితే, డీ4 తోస్తే స్లావ్ వైపు, ఈ4 తోస్తే కారో కాన్ వైపు పోతుంది. గుర్రం ఎఫ్6, జీ6 ఆడేవాడు గ్రున్‌ఫెల్డ్ అనే నల్లకాయల ఓపెనింగ్ కోసం చూస్తున్నాడు. అతనికి డీ5 తోసే వీలివ్వకుండా మూడో ఎత్తులోనే ఈ4 తోసేస్తే మొహం చిన్నబోతుంది. ఇన్నేళ్లలో నాకు ఎక్కువ పాయింట్లు తెచ్చిపెట్టిన చిట్కా అదే. గ్రున్‌ఫెల్డ్ తప్ప ఇంకేదీ చదవనివాళ్లు కింగ్స్ ఇండియన్‌లో తేలి అటూ ఇటూ చూస్తారు. కానీ ఈ బేరం రెండువైపులా సాగుతుంది. మొదటి నాలుగేళ్లు నేను డీ4 అంటేనే భయపడి, ఈ6, డీ5 ఆడినవాళ్ల మీద కూడా బీ3, బిషప్ బీ2 అంటూ పక్కదార్లు పట్టేవాణ్ణి. వాళ్లు హాయిగా కాయలన్నీ బయటికి తెచ్చుకునేవాళ్లు. చివరికి సిగ్గు విడిచి క్వీన్స్ గ్యాంబిట్ నేర్చుకున్నాను. దేన్నుంచి తప్పించుకుందామని సీ4 పట్టానో అదే సీ4 నన్ను చెవి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లింది.

బీ3 అమరికని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, నా చేతుల్లో అది పనిచేయలేదంతే. 1987లో సెవిల్‌లో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో కార్పోవ్‌తో ఆఖరిదైన 24వ గేమును గెలిచి తీరాల్సి వచ్చినప్పుడు అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఆడింది ఇదే. సీ4, గుర్రం ఎఫ్3, జీ3, బీ3, బిషప్పులు రెండూ జీ2, బీ2లో. ఒక్క పాయింటు వెనకబడి, ఆ గేము పోయినా డ్రా అయినా టైటిల్ పోయే స్థితిలో, కత్తి దుయ్యకుండా మెల్లగా బిగించుకుంటూ పోయి గెలిచాడు. మ్యాచ్ 12-12తో ముగిసింది, టైటిల్ నిలబడింది. అదే మ్యాచ్ రెండో గేములో ఇంగ్లీష్ ఓపెనింగే కాస్పరోవ్‌ని ముంచింది. కార్పోవ్ తొమ్మిదో ఎత్తులో ఈ3 అని బంటుని ముందుకు తోస్తే, జవాబు కోసం కాస్పరోవ్ గంటకు పైగా ఆలోచించాడు, గేము ఓడిపోయాడు. ఒక ఎత్తుకి గంట! ఆఫీసు నుంచి నేరుగా వచ్చి ఆడే నాలాంటివాళ్లకి మొత్తం గేముకే అంత టైము దొరకదు.

ఏ ద్వారం గుండా లోపలికి పోవాలో మనం ఎంచుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే 1972లో రెక్‌జావిక్‌లో జరిగిన ప్రపంచ టైటిల్ మ్యాచ్ ఆరో గేము చూడండి. ఈ4 తప్ప దాదాపు ఇంకేదీ ఆడని అమెరికా ఆటగాడు ఫిషర్ ఆ రోజు సీ4 తోశాడు. మూడో ఎత్తుకల్లా అది క్వీన్స్ గ్యాంబిట్ అయిపోయింది. అంటే ఇంగ్లీష్ బతికింది రెండే ఎత్తులు. ఆ గేము ఓడిన అప్పటి చాంపియన్ స్పాస్కీ కూడా ప్రేక్షకులతో కలిసి చప్పట్లు కొట్టాడు. 2013 చెన్నై ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో మన ఆనంద్ మీద కార్ల్‌సన్ మొదటి గెలుపు ఐదో గేములో వచ్చింది, అదీ సీ4తో మొదలై మరుసటి ఎత్తుకే డీ4లోకి తిరిగిందే. ఆ రోజు ఆఫీసులో దొంగచాటుగా ఫోన్లో చూస్తూ ఉసూరుమన్నాను. ఏడాది తిరక్కుండా నేనూ అదే సీ4 పట్టుకున్నాను, ఏం చేస్తాం.

2024 సింగపూర్ ప్రపంచ టైటిల్ మ్యాచ్ మాత్రం నాలాంటివాళ్లకి పండగే. మ్యాచ్ 5-5 దగ్గర ఉండగా పదకొండో గేములో గుకేశ్ గుర్రం ఎఫ్3తో మొదలుపెట్టి, సీ4, బీ4 అంటూ పక్కల నుంచి కమ్ముకుంటే, చైనా ఆటగాడు డింగ్ గడియారం ఓపెనింగ్‌లోనే కరిగిపోయింది. తర్వాత పెద్ద పొరపాటు దొర్లి ఓడిపోయాడు. మర్నాడే డింగ్ సీ4 ఆడి గుకేశ్‌ని గెలిచి 6-6 చేశాడు. ఆ గేమును నేను కనీసం పదిసార్లు ఆడుకుని ఉంటాను. బంట్లు, గుర్రాలు ఒక్కొక్కటే ముందుకు జరుగుతాయి, అరుపూ కేకా లేకుండా నల్లకాయలకి గాలి ఆడకుండా పోతుంది. సీ4 ఎలా ఆడాలి అని ఎవరైనా అడిగితే దాన్నే చూడమంటాను.

విసుగు పుట్టించే గేములు లేవా అంటే, ఉన్నాయి. సీ4కి సీ5 ఆడి, ఆ తర్వాత మనం ఏం చేస్తే అదే చేసే అద్దం బాపతు వాళ్లు. నేను ఏ3 అంటే ఏ6, ఏనుగు బీ1 అంటే ఏనుగు బీ8, బీ4 అంటే కాసేపట్లో బీ5. బోర్డు మధ్య గీత గీసి మడిచినట్టుంటుంది. నాకంటే పెద్ద రేటింగ్ ఉన్నవాళ్లతో అయితే ఈ డ్రా తీపిగానే ఉంటుంది, చిన్న రేటింగ్ వాళ్లతో అయితే ప్రాణం విసుగెత్తిపోతుంది. ఆన్‌లైన్ మూడు నిమిషాల ఆటల్లో ఇంకో రకం ఉంది. బీ6 ఆడి, మధ్యలో మన బంట్లన్నిటినీ రానిచ్చి, తర్వాత బిషప్పులు బీ7, బీ4లో పెట్టి, ఎఫ్5తో కూలగొట్టేవాళ్లు. వాళ్ల మీద నా రికార్డు చెప్పుకునేలా లేదు.

పిల్లలకి నేర్పవచ్చా అని అడిగే తల్లిదండ్రులకి నేను వద్దనే చెబుతాను. ఈ4 ఆడి, రెండు మూడేళ్లు కొట్టుకుని, కొట్టించుకుని, ఆ తర్వాత రావాలి. తెరుచుకున్న బోర్డు మీద దెబ్బ ఎలా తగులుతుందో తెలియనివాడికి, మూసి ఉన్న బోర్డు మీద దెబ్బ ఎటునుంచి రాబోతోందో కనిపించదు. నలభై దాటి, లెక్కలు కట్టే వేగం తగ్గి, ఏ గడి బలహీనమో చూసే ఓపిక పెరిగినవాళ్లకి మాత్రం ఇది సరిగ్గా సరిపోయే చెప్పు. కొత్తలో కాస్త కరుస్తుంది.

నా రేటింగ్ ఈ పదకొండేళ్లలో పెద్దగా మారలేదు, అబద్ధమెందుకు. మారిందల్లా తెల్లకాయలు వచ్చిన రోజు టెన్షన్. అది బాగా తగ్గింది. ఇరవయ్యో ఎత్తుకి కూడా గడియారంలో టైము మిగులుతోంది, ఎక్కడ ఆడాలో ఒక ఊహ ఉంటోంది.

నల్లకాయలతో కూర్చున్నప్పుడు ఎదుటివాడు సీ4 తోస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఎవడో నా కంచంలో చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. ఈ5 ఆడతాను. అతను జీ3 అంటే ఏమీ ఎరగనట్టు సీ6 తోసి, ఆ గుర్రం ఎఫ్3కి ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటాను.