ఆరున్నర వేల డ్రోన్, వెనకవైపు గట్టర్, మూడు వానాకాలాలు

ముందే చెప్పేస్తున్నా, ఈ డ్రోన్ గట్టర్ (రేకుల అంచున వాన నీళ్లు పట్టే కాలువ) శుభ్రం చెయ్యదు, పైకెగిరి చూపిస్తుంది అంతే. ఆ మాత్రం తెలియదా అనుకుంటారు గానీ, కొన్నరోజు మా నాన్న అడిగిన మొదటి మాట "మరి ఆకులు తీస్తుందా?" అనే. తియ్యదన్నాను. "అయితే ఎందుకూ" అని మళ్లీ పేపర్లో తల పెట్టేశారు.

మాది విశాఖ మధురవాడలో రెండంతస్తుల ఇల్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మేడ మీది రేకులన్నీ ఎగరేసుకుపోయాక మళ్లీ షెడ్ వేయించాం, రేకుల చివర గట్టర్, రెండు మూలల్లో కిందికి పీవీసీ పైపులు. గోడ తడవకూడదని షెడ్ వేసినాయన గట్టర్‌ని పిట్టగోడ దాటించి అడుగున్నర బయటికి పెట్టాడు. మంచి పనే, కాకపోతే వెనకవైపు మా గోడకీ పక్కింటి ప్రహరీకీ మధ్య ఉన్నది మూడడుగుల సందు, నిచ్చెన వాల్చే చోటు లేదు, పైగా సరిగ్గా ఆ మూలకే పక్కింటి వేపచెట్టు కొమ్మలు. ఏటా మొదటి పెద్ద వానకి అక్కడ నీళ్లు పొంగి మేడమెట్ల మీదకి వచ్చేవి. ఎక్కి చూసే మనిషికి ఏడెనిమిది వందలు ఇచ్చుకోవాలి, ఒక్కోసారి ఆయన చూసి "ఏం లేదు సార్" అని దిగిపోయేవాడు, మనం నమ్మడమే.

అందుకే 2023 మే నెలలో ఆన్‌లైన్‌లో ఈ డ్రోన్ కొన్నాను. రెండు బ్యాటరీలు, మడతపెట్టే రెక్కలు, రిమోట్‌తో కిందికీ పైకీ వంగే కెమెరా. జీపీఎస్ లేదు. డబ్బా మీద 4కె అని ఉంది, ఫోన్లో చూస్తే పాత వీడియో కాల్‌లా ఉంటుంది. డబ్బా మీద 20 నిమిషాలని ఉంది, నాకు ఎప్పుడూ తొమ్మిది దాటలేదు. అయినా గట్టర్‌లో మట్టి ఉందా ఆకులున్నాయా, పైపు నోరు తెరిచి ఉందా అన్నది తెలియడానికి ఆ బొమ్మ చాలు. ఎండ బాగా ఉంటే మాత్రం రేకుల మెరుపుకి గట్టర్ లోపల అంతా నల్లగా కనిపిస్తుంది, అందుకే కాస్త మబ్బుగా ఉన్న పొద్దున్నే మేలు.

ఎగరెయ్యడం దగ్గరే అసలు తిప్పలు. ఇలాంటి చవక డ్రోన్లు కింద ఉన్న చిన్న కెమెరాతో నేలని చూస్తూ ఒకచోట నిలబడతాయి. నేల నాలుగైదు అడుగుల దూరంలో ఉంటే బాగానే నిలుస్తుంది. కానీ సందులోంచి పైకి లేపి గట్టర్ ఎత్తుకి, అంటే దాదాపు ముప్పై అడుగులకి తీసుకెళ్తే దానికి కింద ఏమీ ఆనదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. మొదటి నెలంతా ఇలాగే చేసి రెండుసార్లు వేపచెట్టులో ఇరికించాను. తర్వాత బుద్ధొచ్చి, మేడ మీంచి లేపి రేకుల మీదుగా తీసుకెళ్లి, అంచుకి రెండడుగులు ఇవతలే ఆపి కెమెరా వంచి చూడ్డం మొదలుపెట్టాను. కింద రేకు దగ్గర్లో ఉంటుంది కాబట్టి కదలకుండా నిలబడుతుంది. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది: రేకు మీద దుమ్మూ మరకలూ ఉంటేనే దానికి ఆనవాలు దొరుకుతుంది, వాన కడిగేసి నున్నగా మెరుస్తున్న రేకు మీద మళ్లీ తూలుతుంది. వాన వెలిసిన వెంటనే చూడాలని మనకి ఆత్రం, దానికి సరిగ్గా అప్పుడే కళ్లు కనపడవు.

విశాఖలో గాలి సంగతి చెప్పక్కర్లేదు. పొద్దెక్కి సముద్రపు గాలి తిరిగిందంటే ఇంత తేలికైన డ్రోన్ కాగితంతో సమానం. నేను ఆరు నుంచి ఏడున్నర లోపలే ఎగరేస్తాను. ఇంకో బెడద కాకులు. వానలకి ముందు మేలో గట్టర్ చూసుకోవాలి, ఆ వేపచెట్టు మీద కాకులు గూళ్లు పెట్టేదీ అప్పుడే. 2024లో రెండు కాకులు తరిమితే కంగారులో రిమోట్ మీది స్టిక్ అటు తోశాను, డ్రోన్ వెళ్లి గట్టర్‌లోనే పడింది, అదీ సరిగ్గా పైపు నోటి మీద. మా ఆవిడ కింద నుంచి "అడ్డం ఏముందో చూడమని పంపితే అదే వెళ్లి అడ్డం పడుకుందా" అని ఒకటే నవ్వు. ఎనిమిది వందలిచ్చి మనిషిని ఎక్కించి తీయించాను.

ఇప్పుడు ముఖ్యమైన విషయం, కొనే ముందు తెలుసుకోవాల్సింది. మన ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ డ్రోన్ లేపకూడదు. నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉన్నది ఇక్కడే, పైగా తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం కూడా. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైలట్ లైసెన్స్ అక్కర్లేదు (మాది వంటింటి కాటాలో వేస్తే 190 గ్రాములు తూగింది), కానీ రెడ్ జోన్‌లో (ఎగరెయ్యడం నిషేధించిన ప్రాంతంలో) బొమ్మంత డ్రోన్ అయినా అనుమతి లేకుండా ఎగరెయ్యడానికి లేదు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్‌లో మీ ఇల్లు ఏ రంగులో ఉందో చూసుకున్నాకే డబ్బులు పెట్టండి. డేగాకి దగ్గర్లో, ఎన్‌ఏడీ కూడలి వైపు ఉండే మా బావగారు "ఒకసారి తెచ్చి మాదీ చూడవోయ్" అని రెండేళ్లుగా అడుగుతున్నారు, కుదరదు బావగారూ అని రెండేళ్లుగా చెబుతున్నాను, ఆయన అలిగారు కూడా. క్రికెట్ స్టేడియం మా వైపే కాబట్టి మ్యాచ్ రోజుల్లో డబ్బాలోంచి బయటికే తియ్యను.

చుట్టుపక్కల వాళ్ల సంగతి ఇంకోటి. పొద్దున్నే కెమెరా పైన తిరుగుతుంటే ఎవరికైనా ఇబ్బందే. వెనకింటి మామ్మగారు మొదటిసారి "మా ఇంట్లోకి చూస్తున్నావేంటి నాయనా" అని గట్టిగానే అడిగారు. అప్పట్నుంచి ముందురోజే వెళ్లి చెబుతాను, తీసిన వీడియో కూడా ఆవిడకి చూపిస్తాను. ఇప్పుడు ఆవిడే "మా డాబా మీద ట్యాంకు మూత ఉందో లేదో కాస్త చూడు" అంటారు.

పనికొచ్చిందా అంటే, ఒకందుకు బాగా పనికొచ్చింది. 2024 సెప్టెంబరు వానలప్పుడు మెట్ల మీద మళ్లీ నీళ్లు. గట్టరే అనుకున్నాం. డ్రోన్ పంపితే గట్టర్ ఖాళీగా ఉంది. వెనక్కి తెస్తుంటే రేకుల మధ్య వరసలో స్క్రూల చుట్టూ తుప్పు చారలు కనిపించాయి, వాటి కింద ఉండే రబ్బరు వాషర్లు ఎండకి చిట్లిపోయాయి. అన్నేళ్లూ గట్టర్‌ని తిట్టాం, కారుతున్న వాటిలో సగం స్క్రూ కన్నాల్లోంచే. వాషర్లు మార్పించి సీలెంట్ పెట్టించాను, 2025 అక్టోబరులో మొంథా తుపానుకి మెట్లు పొడిగా ఉన్నాయి. రెండోది, శుభ్రం చేసే మనిషితో పేచీ పోయింది. పనికి ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో. ఆయన కూడా "ముందు మీ ఎగిరేదాన్ని పంపండి సార్, ఏ మూల ఉందో చూసి ఎక్కుతా" అంటున్నాడు, ఊరికే రేకుల మీద అటూ ఇటూ తిరిగే పని తగ్గింది కదా.

ఖర్చు విషయానికొస్తే ఇప్పటికి ఒక బ్యాటరీ ఉబ్బిపోయింది (వేసవిలో ఫుల్ ఛార్జ్ చేసి మేడమీది గదిలో పెట్టడం నా తప్పే), ఒక మోటారు అరిగిపోతే మార్చాను, రెక్కలు లెక్కపెట్టలేదు. అన్నీ కలిపి తొమ్మిది వేలు దాటింది. ఇంకో నిజం కూడా చెప్పాలి, ముందువైపు, రెండు పక్కలా గట్టర్ చూడ్డానికి నాకిప్పుడు డ్రోన్ అక్కర్లేదు. పది అడుగుల పీవీసీ పైపు చివర పాత ఫోన్ కట్టి పిట్టగోడ దగ్గర నిలబడి వీడియో తీస్తున్నా, డ్రోన్ కన్నా బొమ్మ బాగుంది. వెనక మూల చెట్టు కొమ్మలు అడ్డొచ్చి పైపు తిరగదు, ఆ ఒక్కదానికే డ్రోన్ తీస్తాను. మీ ఇంటికి అలాంటి మూల లేకపోతే పైపు, ఫోన్ చాలు. ఉంటే మాత్రం కొనండి, రెక్కలు ఇంకో రెండు సెట్లు అదనంగా తెప్పించుకోండి.