సురయ్యా హసన్ బోస్ గారి దగ్గర కొన్న మశ్రూ, ఇన్నేళ్ల వాడకం తర్వాత

2016లో మా తమ్ముడి పెళ్లికని జాకెట్ల కోసం మశ్రూ బట్ట కొన్నాను. హైదరాబాద్‌లో రాయదుర్గం వైపు దర్గా హుస్సేన్ షా వలీలో సురయ్యా హసన్ బోస్ గారు పెట్టిన నేత స్టూడియోలో. ఎరుపు మీద సన్నటి పసుపు చారలు. కొన్న వారంలో రాసుంటే మోజులో పొగిడానని అనుకునేవారు, ఇప్పుడు ఇన్నేళ్లు వాడాక రాస్తున్నాను.

ముందు బట్ట సంగతి. మశ్రూలో పడుగు, అంటే నిలువు దారాలు, పట్టు; పేక, అంటే అడ్డ దారాలు, నూలు. శాటిన్ నేత కాబట్టి పట్టంతా పైకి తేలి మెరుస్తుంది, ఒంటికి తగిలేది మాత్రం నూలే. ముస్లిం మగవాళ్లు పట్టు ఒంటికి తగిలేలా వేసుకోకూడదన్న నియమం ఉంది కదా, దానికి దారి చూపించిన నేత ఇది, మశ్రూ అంటేనే ధర్మం ఒప్పుకున్నది అని అర్థం. మే నెల ఎండలో, పెళ్లి పందిట్లో ఐదు గంటలు కూర్చున్నా నా వీపుకి జాకెట్ అంటుకోలేదు. పక్కన అచ్చం పట్టు వేసుకున్న మా వదిన శుభలేఖతో విసురుకుంటూనే ఉంది పాపం.

రంగు అలాగే ఉంది. జాగ్రత్తలు రెండే: పైకి తేలిన పట్టు దారాలు గాజులకీ ఉంగరాలకీ తగులుకుని లేస్తాయి, ఇస్త్రీ లోపలి వైపు నుంచే చేయించాలి. ఒక ఇస్త్రీ అతను నేను చెప్పినా వినకుండా పైనుంచి పెట్టేసరికి భుజం దగ్గర రూపాయంత మేర మెరుపు పోయింది, ఇప్పటికీ అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ రోజు బట్ట కొన్నాక మగ్గాల దగ్గరికి వెళ్లాను. గుంట మగ్గాలు. ఒకావిడ హిమ్రూ నేస్తోంది, అది ఔరంగాబాద్ నేత, ఒకప్పుడు నిజాం రాజ్యంలోదే. మగ్గం పైనుంచి నమూనా దారాల గుత్తులు వేలాడుతున్నాయి, ఆవిడ కాళ్లు గుంటలో తొక్కుతూనే ఉన్నాయి, చేతులు ఒక్కో రంగు దారాన్నీ దాని చోట్లోంచి దూర్చి లాగుతున్నాయి. నేను పావుగంట నిలబడ్డాను, ఒక పువ్వులో సగం కూడా కాలేదు. ధర గురించి నా మనసులో ఉన్న గొణుగుడు అక్కడే ఆగిపోయింది.

ఆ మగ్గాల మీద సురయ్యా గారు ఎక్కువగా భర్త పోయిన ఆడవాళ్లకే నేత నేర్పించి కూర్చోబెట్టారు. పక్కనే బడి, సఫ్రానీ మెమోరియల్ స్కూల్, వాళ్ల పిల్లలకీ చుట్టుపక్కల పిల్లలకీ. ఆ పేరు ఆమె చిన్నాన్న ఆబిద్ హసన్ సఫ్రానీది, జైహింద్ నినాదాన్ని ఇచ్చారని చెప్పుకునేది ఆయన గురించే. భర్త అరవిందో బోస్, నేతాజీ అన్న కొడుకు. ఇంత పెద్ద పేర్ల మధ్య ఉండి కూడా ఆమె తన బతుకంతా పడుగూ పేకల్లోనే పెట్టారు. హిమ్రూ, మశ్రూ, పైఠనీ, జామావార్... మ్యూజియం అద్దాల వెనక చూడాల్సిన నేతలను ఆమె వల్ల మనం కొని కట్టుకోగలిగాం. నాకు ఆమె మీద ఇంత గౌరవం ఎందుకంటే, కళని కాపాడాలని మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు, ఈమె అది నేసే మనిషికి నెల జీతం, ఆ మనిషి పిల్లలకి బడి కూడా చూశారు.

ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు. ఈసారి ఆ జాకెట్ వేసుకునే వెళ్లి చూపించాలి అనుకున్నాను. ఈసారి, వచ్చే దసరాకి, పిల్లల పరీక్షలయ్యాక, తర్వాత కరోనా. 2021 సెప్టెంబర్‌లో ఉదయం టీ తాగుతూ ఫోన్‌లో వార్త చూశాను. 93 ఏళ్ల మనిషి పోతే హఠాత్తుగా అనకూడదేమో, నాకు మాత్రం అలాగే తగిలింది. లేచి వెళ్లి బీరువాలోంచి ఆ జాకెట్ తీసి, తిరగేసి, లోపలి నూలు మీద చాలాసేపు చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

మీరు ఎక్కడైనా మశ్రూ కొంటే పైమెరుపు చూసి డబ్బులు ఇచ్చేయకండి. తిరగేసి బుగ్గకి ఆనించి చూడండి, అటువైపు నూలు మెత్తగా, చల్లగా తగలాలి. రెండు వైపులా జారిపోతుంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి.