ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత మాయమైన పార్టిషన్: యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ కొనేవారికి హెచ్చరిక

యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఎన్‌క్లోజర్ (డిస్కును యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు కలిపే తొడుగు) కొనబోతున్నవారు, ముఖ్యంగా ఇప్పటికే కొని దాని ఫర్మ్‌వేర్‌ను (లోపలి చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) అప్‌డేట్ చేయాలనుకుంటున్నవారు, ముందుగా ఇది చదవవలసిందిగా మనవి.

4 టీబీ డిస్కు కోసం నేను తీసుకున్న ఎన్‌క్లోజర్ పెట్టె మీద అది అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ పనిచేస్తుందని ముద్రించి ఉంది. విండోస్‌లో ఏ ఇబ్బందీ రాలేదు. లినక్స్‌లో మాత్రం పెద్ద ఫైళ్లు కాపీ అవుతుండగా వేగం ఉన్నట్టుండి సున్నాకు పడిపోయేది. కెర్నెల్ లాగ్ (సిస్టమ్ లోపల జరిగినవాటి చిట్టా) తెరిస్తే యూఏఎస్ అనే ప్రోటోకాల్ ఆదేశం రద్దయినట్టు, వెంటనే పరికరం రీసెట్ అయినట్టు పదేపదే నమోదై ఉండేది. ఒకేసారి పలు ఆదేశాలను డిస్కుకు పంపే ఈ ప్రోటోకాల్‌ను ఎన్‌క్లోజర్‌లో డిస్కునూ యూఎస్‌బీనీ కలిపే బ్రిడ్జ్ చిప్ సరిగా అమలు చేయకపోతే ఇలా జరుగుతుంది.

ఆ లాగ్ జతచేసి ఫిర్యాదు చేస్తే, అమ్మినవారు విండోస్‌లో మాత్రమే నడిచే అప్‌డేటర్ ఒకటి పంపి, డేటాకు ఏమీ కాదని హామీ ఇచ్చారు. అప్‌డేట్ నిమిషంలోపే ముగిసింది. కేబుల్ తీసి మళ్లీ పెడితే నా పార్టిషన్ (ఫైళ్లున్న డిస్కు విభాగం) లేదు, డిస్కును ఇనిషియలైజ్ చేయమన్న, అంటే కొత్త పార్టిషన్ పట్టిక రాయమన్న, ప్రశ్న ఉంది. అక్కడ ఓకే నొక్కకపోవడమే నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని.

ఫిర్యాదు కోసం దాచిన పాత లాగే చివరకు దారి చూపింది. అందులో డిస్కు 4096 బైట్ల బ్లాకులు (డిస్కును కొలిచే ముక్కలు) 97,67,54,646గా నమోదై ఉండగా, కొత్త లాగ్‌లో 512 బైట్ల బ్లాకులు 781,40,37,168గా ఉంది. డిస్కు అదే, పరిమాణమూ అదే, కొలబద్ద మారింది. ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే జీపీటీ పార్టిషన్ పట్టిక హెడర్ రెండో బ్లాకులో ఉంటుంది కనుక, ఇదివరకు 4096వ బైటు దగ్గర రాసిన దాన్ని సిస్టమ్ ఇప్పుడు 512వ బైటు దగ్గర వెతికి, ఏమీ లేదని తేల్చేసింది. జీపీటీకి ముందున్న ఎంబీఆర్ పద్ధతిలో 512 బైట్ల బ్లాకులతో సుమారు 2 టీబీ దాటడం కుదరదు కనుక, జీపీటీ చదవలేని పాత 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ కోసం కొన్ని చిప్‌లు ఆ పరిమితి పెరిగేలా బ్లాకును 4096 బైట్లుగా చూపించేవి. ఆ సర్దుబాటును కొత్త ఫర్మ్‌వేర్ చెప్పాపెట్టకుండా తీసేసింది.

ఎవరికైనా ఇలా జరిగితే ఫార్మాట్ చేయకండి. లినక్స్‌లో బ్లాకు పరిమాణాన్ని 4096గా పేర్కొంటూ, చదవడానికి మాత్రమే వీలుండేలా లూప్ డివైస్ (ఆ డిస్కునే మరో డిస్కులా చూపించే సదుపాయం) సృష్టిస్తే పార్టిషన్ తిరిగి కనిపిస్తుంది. నా ఫైళ్లన్నీ అలాగే మరో డిస్కుకు చేరాయి, అందుకు రెండు రాత్రులు పట్టినా.

ఇంతకీ రీసెట్ల సమస్య అప్‌డేట్ తర్వాతా పోలేదు. కెర్నెల్ పారామీటర్ ద్వారా ఆ పరికరానికి యూఏఎస్‌ను ఆపేశాక, వేగం కొంత తగ్గినా, కాపీ మధ్యలో ఆగడం లేదు. మొదటే చేసి ఉండవలసిన పని అది. కొనేముందు అప్‌డేటర్ మీ సిస్టమ్‌లో నడుస్తుందా, పాత ఫర్మ్‌వేర్‌కు తిరిగి వెళ్లవచ్చా అని రాతపూర్వకంగా అడగండి. నేను అప్‌డేట్ అయ్యాక అడిగాను, వీలు కాదన్నారు.