డెబియన్‌తో మూడేళ్లు: నా ల్యాప్‌టాప్‌లో వైఫై, స్లీప్ ఎలా దారికొచ్చాయంటే

చీమకుర్తిలో గ్రానైట్ యార్డు లెక్కలు రాసే పని నాది. 2022 జనవరిలో కొన్న ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచీ విండోస్ బదులు డెబియన్ అనే ఉచిత లైనక్స్ సిస్టమే, మూడేళ్లు దాటింది. సిస్టమ్ మీద నాకు ఫిర్యాదు లేదు. నన్ను ఏడిపించినవన్నీ ఫర్మ్‌వేర్ (చిప్‌లు, మదర్‌బోర్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) దగ్గర వచ్చినవే. ఈ తేడా తెలియక నాలుగు రోజులు చూసి తీసేసినవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మొదటి రోజే వైఫై కనపడలేదు. ఒంగోలులో షాపు అబ్బాయి "విండోస్ వేసేద్దామా అన్నా" అన్నాడు, నేనూ సరే అనబోయా. వైఫై చిప్ పనిచేయాలంటే కెర్నల్‌లో (సిస్టమ్ గుండెకాయలో) దాన్ని నడిపే డ్రైవర్ ఒక్కటే ఉంటే చాలదు, ఆన్ చేసిన ప్రతిసారీ చిప్‌లోకి ఎక్కించే చిన్న ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా డిస్క్‌లో ఉండాలి. వాటిలో ఎక్కువ ఫైళ్లకు సోర్స్ కోడ్ బయట దొరకదు, అందుకే డెబియన్ 11 మామూలు ఇన్‌స్టాలర్‌లో అవి ఉండవు. రాత్రి కెర్నల్ మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి చూస్తే ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని, ఏ ఫైల్ కావాలో పేరుతో సహా అక్కడే రాసుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, ప్యాకేజీలు ఎక్కడి నుంచి దించాలో చెప్పే రిపోజిటరీ లైన్‌లో నాన్‌ఫ్రీ (పూర్తిగా ఓపెన్‌సోర్స్ కాని ప్యాకేజీల విభాగం) చేర్చి, ఆ ఫైల్ ఉన్న ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేశా, అంతే. కొత్తగా వేసుకునేవాళ్లకు ఈ బాధ లేదు, డెబియన్ డెవలపర్లు 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లను ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు.

స్లీప్ మాత్రం నెలల తరబడి తిప్పలు పెట్టింది. సాయంత్రం మూత వేసి, బ్యాగులో పెట్టుకుని బస్సెక్కితే ఒంగోలు చేరేసరికి బ్యాగు వేడెక్కిపోయేది, బ్యాటరీ సగానికి పడిపోయేది. బ్యాటరీ పాడైందనుకుని కొత్తది కొనడానికి ధర కూడా అడిగా. అసలు సంగతేంటంటే, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో స్లీప్ రెండు రకాలు. ఒకటి ఎస్2ఐడిల్, అందులో ప్రాసెసర్ ఊరికే కునుకు తీస్తుంది, ఏ చిన్న డివైస్ కదిలినా మేలుకుంటుంది. రెండోది డీప్, అందులో ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. కెర్నల్ ఏది వాడుతోందో సిస్ ఫోల్డర్ కింద పవర్‌లో మెమ్ స్లీప్ అనే ఫైల్ (/sys/power/mem_sleep) తెరిస్తే కనపడుతుంది, బ్రాకెట్లలో ఉన్నదే నడుస్తున్నది. నా దాంట్లో రెండూ ఉన్నాయి, బ్రాకెట్లు ఎస్2ఐడిల్‌కి ఉన్నాయి. సిస్టమ్‌ని స్టార్ట్ చేసే గ్రబ్ సెట్టింగ్‌లో డీప్‌ని డిఫాల్ట్ చేశా. కొన్ని కొత్త మోడళ్లలో డీప్ అసలు ఉండదు, వాటికి ఈ మందు పనిచేయదు.

డీప్ పెట్టాక ఇంకోటి మొదలైంది, మూత తెరిస్తే టచ్‌ప్యాడ్ లేవదు. రెండు వారాలు మౌస్‌తో లాక్కొచ్చా. చివరికి బయోస్ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్) అప్‌డేట్‌తో ఆ బాధ పోయింది. బయోస్ అప్‌డేట్‌కి విండోస్ ఉండాలనుకునేవాడిని, అవసరం లేదు: ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ (fwupd) అనే టూల్ ఉంది, 2015 నుంచి నడుస్తున్న లైనక్స్ వెండర్ ఫర్మ్‌వేర్ సర్వీస్ నుంచి నేరుగా దించుకుంటుంది. మీ కంపెనీ మీ మోడల్ ఫర్మ్‌వేర్‌ని అక్కడ పెట్టి ఉండాలి, కొనేముందు అది చూసుకోండి. అప్‌డేట్ నడుస్తున్నంతసేపూ నాకు టెన్షనే, మధ్యలో ఆగితే మదర్‌బోర్డు పోవచ్చు. బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జర్ కూడా పెట్టి మొదలుపెట్టండి, మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కదా.

ఇప్పుడు రాత్రి మూత వేస్తే తెల్లారేసరికి రెండు మూడు శాతం మించి తగ్గదు. వేలిముద్ర రీడర్ మాత్రం ఇప్పటికీ పనిచేయదు, దానికి ఓపెన్‌సోర్స్ డ్రైవర్ లేదు. మా బావమరిదికి పోయిన నెల ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి, వైఫై, సౌండ్, మూత వేసి తెరిస్తే స్లీప్, మూడూ షాపులోనే చూసి మూడో మోడల్ తీసుకున్నాం.