ఫ్యామిలీసెర్చ్‌తో ఏడేళ్లు: మా అత్తగారి వంశం వెతుకుతూ

మా అత్తగారిది మసాచుసెట్స్. "మనం మేఫ్లవర్‌లో వచ్చిన జాన్ హౌలండ్ వంశం" అని వాళ్ల నాన్నమ్మ చెప్పిన మాట ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మేఫ్లవర్ అంటే 1620లో ఇంగ్లండ్ నుంచి వలసదారుల్ని అమెరికాకి తెచ్చిన ఓడ. దారిలో తుఫానుకి ఆ ఓడ మీంచి సముద్రంలో పడి, వేలాడుతున్న తాడు అందుకుని బతికిన మనిషి ఆయన. మాట ఉంది కానీ కాగితం లేదు. ఆ కాగితం నేను వెతికిపెడతానని పెళ్లైన కొత్తలో మాటిచ్చాను, అప్పటినుంచీ పాత రికార్డులు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్ వాడుతున్నాను. ఉచితం, ఇన్నేళ్లలో ఒక్క డాలరు కూడా కట్టలేదు.

మొదటి రెండేళ్లు మాత్రం వృథా. తప్పు నాదే కాదు, వేరే ఒక సైట్లో ఎవరో తయారుగా పెట్టిన వంశవృక్షాన్ని నమ్మి అలాగే ఎక్కించుకున్నాను. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరుంటే రికార్డుల్లో సీనియర్, జూనియర్ అని రాశారు, తండ్రీకొడుకులనుకున్నాను. ఆ రోజుల్లో ఆ మాటలకి పెద్దవాడు, చిన్నవాడు అనే అర్థం, చుట్టరికం ఉండాలని లేదు. అప్పుడు అన్నీ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాను.

హౌలండ్ విషయంలోనే ఎంత పొరపాటు జరిగిందో చూడండి. ఆయన భార్య ఆ వలసదారుల మొదటి గవర్నర్ కార్వర్ ఇంటి పిల్ల అని చాలాకాలం నమ్మారు. అదే ఓడలో వచ్చిన బ్రాడ్‌ఫర్డ్ ఆ వలస చరిత్ర రాశాడు, ఎప్పుడో కనబడకుండా పోయిన ఆ రాతప్రతి 1855లో లండన్‌లో బయటపడ్డాక తెలిసింది, ఆమె ఎలిజబెత్ టిల్లీ అని.

ఈ పనిలో అసలు కష్టం మధ్యలో ఉంది. మేఫ్లవర్ కుటుంబాల మొదటి ఐదు తరాలను ఆ ఓడవాళ్ల వారసుల సంఘమైన మేఫ్లవర్ సొసైటీ పుస్తకాలుగా వేసింది. ఇటువైపు 1850 జనాభా లెక్కల నుంచి ఇంట్లో అందరి పేర్లూ ఉంటాయి, అంతకుముందు ఇంటి యజమాని పేరు ఒక్కటే. ఈ రెంటి మధ్య ఖాళీలో ఆడవాళ్లు మాయమైపోతారు, పుట్టింటి పేరు ఎక్కడా కనబడదు. నన్ను గట్టెక్కించింది ప్లిమత్ కౌంటీ వీలునామాలు, భూమి దస్తావేజులే. అవి ఫ్యామిలీసెర్చ్‌లో స్కాన్ చేసి పెట్టారు కానీ పేజీ పేజీ తిప్పాలి, ఆ పాత చేతిరాత అలవాటవ్వడానికే నాకు ఏడాది పట్టింది. 2024లో చేతిరాతని కంప్యూటరే చదివి వెతికే సదుపాయం వచ్చాక, మూడేళ్లుగా దొరకని ఒకావిడ ఒక సాయంత్రంలో దొరికింది. తండ్రి పోయాక అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ కలిసి పొలం అమ్మిన దస్తావేజు అది. మిగతావాళ్లవి సంతకాలు, ఈవిడది మాత్రం వంకరగా గీసిన ఒక చిన్న ఇంటూ గుర్తు, దానికి అటూ ఇటూ ఆవిడ పేరు వేరేవాళ్లు రాశారు. పక్కనే భర్త పేరు. అది చూసి నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, అబద్ధం కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తేదీలతో జాగ్రత్త. ఒక జంటకి 1690 ఏప్రిల్‌లో పెళ్లి, 1690 ఫిబ్రవరిలో బిడ్డ అని ఉంటే, ఆ బిడ్డ వీళ్లది కాదని పక్కన పెట్టేశాను. కానీ అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, మనకి ఉగాదికి ఏడాది మారినట్టే. అంటే ఆ ఫిబ్రవరి పెళ్లైన పది నెలలకి వచ్చింది, మన లెక్కలో 1691. ఈ పద్ధతి 1752లో మారింది. చుట్టరికాలూ అంతే, ఆనాటి వీలునామాలో 'సన్ ఇన్ లా' అంటే అల్లుడే కానక్కర్లేదు, సవతి కొడుకు కూడా కావచ్చు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒక ఆస్తి జాబితాలో ఇనప కుండ, పరుపు, రెండు ఆవులు, వాటి కింద వరసలోనే ఒక బానిస మనిషి, ఎదురుగా వెల. పేరు కూడా పూర్తిగా లేదు. అత్తగారికి చూపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చూపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ పేజీ కూడా ప్రింటు తీసి ఫైల్లో పెట్టమన్నారు.

వంశవృక్షం ఎవరు కట్టినా దారి చూపడం వరకే వాడుకోండి, స్కాన్ చేసిన అసలు కాగితం కోసమైతే ఫ్యామిలీసెర్చ్‌ని కళ్లు మూసుకుని సిఫారసు చేస్తాను. మాకు ఇంకా ఒక్క తరం అతకాలి. ఆదివారం మధ్యాహ్నాలు అత్తగారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు, నేను పేజీలు తిప్పుతుంటే ఆవిడ పేర్లు చదువుతారు.