డ్రోన్ దీదీ కిట్: మందు కొట్టేది డ్రోన్, ఎకరాలు తేల్చేది బ్యాటరీ

నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు ఇచ్చిన పది లీటర్ల స్ప్రే డ్రోన్‌ను వరి, కంది, మొక్కజొన్న, పత్తి పొలాల్లో చాలాకాలం వాడాక రాస్తున్న సమీక్ష ఇది. 2023 నవంబరులో కేంద్ర కేబినెట్ 2025-26 వరకు ఆమోదించిన ఈ పథకానికి 1,261 కోట్లు కేటాయించారు. లక్ష్యం 15,000 సంఘాలు. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సబ్సిడీగా నిర్ణయించారు. మిగతా సొమ్ముకు వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 3 శాతం వడ్డీ రాయితీతో అప్పు తీసుకునే వీలు కల్పించారు.

కిట్‌ను బాగా ఆలోచించి కూర్చారు. అసలు బ్యాటరీ సెట్టు కాక మరో నాలుగు సెట్లు, ఛార్జర్లు, గాలివేగం చూసే మీటరు, నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూసే పీహెచ్ మీటరు, అదనపు రెక్కలు, మందు చిమ్మే నాజిళ్లు, ఏడాది బీమా, రెండేళ్ల మెయింటెనెన్స్ ఉంటాయి. శిక్షణ 15 రోజులు: ఐదు రోజులు డ్రోన్ నడపడం, పది రోజులు మందులు, ఎరువుల పని. లేనిదల్లా జనరేటర్. రోజుకు ఎన్ని ఎకరాలు అవుతాయన్నది దాని మీదే ఆధారపడుతుంది.

లెక్క చూడండి. 22.2 వోల్టుల, 16,000 ఎంఏహెచ్ ప్యాకులు రెండు కలిస్తే ఒక సెట్టు, అంటే సుమారు 710 వాట్ అవర్లు. నిండు ట్యాంకుతో ఒక సెట్టుకు ఎకరం అవుతుంది. 20 ఎకరాలు కొట్టాలంటే ఇంటి దగ్గర నింపిన ఐదు సెట్లు పోగా, పొలంలో ఇంకో 15 ఛార్జింగులు పెట్టాలి. ఒక్కోటి 45 నిమిషాలు, ఒకేసారి రెండు సెట్లు పెట్టినా ఆరు గంటలు. కానీ గాలి నెమ్మదిగా ఉండేది పొద్దున పదింటి వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. జనరేటర్ లేకుండా పది ఎకరాలు దాటడం కష్టం. రెండు సెట్లు ఒకేసారి ఎక్కాలంటే రెండు కిలోవాట్లకు పైగా లాగుతుంది కాబట్టి 3 కేవీఏ జనరేటర్ కావాలి. వోల్టేజి తక్కువున్న ఊళ్లో ఇంటి ప్లగ్గును నమ్ముకోవద్దు. పథకాన్ని పొడిగిస్తే మొదట చేర్చాల్సింది ఈ జనరేటరే.

బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుందన్నది వాడేవాళ్ల చేతిలోనే ఉంది. ప్యాకులోని ఒక్కో సెల్ 3.6 వోల్టులకు వచ్చాక ఎగరనివ్వద్దు. దించిన వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా నీడలో 20 నిమిషాలు చల్లారనివ్వండి. సీజన్ అయ్యాక సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచాలి. నిండుగా నింపి నెలల తరబడి వదిలేసిన ప్యాకు ఉబ్బుతుంది. ఉబ్బిన ప్యాకును మళ్లీ ఛార్జర్‌కు తగిలించవద్దు, నిప్పు అంటుకోవచ్చు. సెల్స్ మధ్య తేడా 0.1 వోల్టు దాటితే ఆ ప్యాకును పక్కన పెట్టండి.

పిచికారీకి పంట మీద రెండు నుంచి రెండున్నర మీటర్ల ఎత్తు, సెకనుకు నాలుగున్నర మీటర్ల వేగం, ఒక్కో సాలుకు నాలుగు మీటర్ల వెడల్పు పట్టీ బాగా కుదిరాయి. ఎకరాకు పది లీటర్లు పడాలంటే పంపు నిమిషానికి 2.7 లీటర్లు, అంటే నాలుగు నాజిళ్లలో ఒక్కోటి సుమారు 670 మిల్లీలీటర్లు వదలాలి. మలుపులతో కలిపి ఆరు నిమిషాలు పడుతుంది. వారానికోసారి ఒక్కో నాజిల్ కింద నిమిషం పాటు కొలపాత్ర పెట్టండి. పది శాతం తేడా వస్తే ముందు కడగండి, అయినా సరికాకపోతే మార్చండి.

మందు మోతాదు ఎకరాకు మారదు, నీళ్లే తగ్గుతాయి. హెక్సాకొనజోల్ 5 ఎస్‌సీ అనే తెగులు మందు ఎకరాకు 400 మిల్లీలీటర్లు 200 లీటర్లలో కలిపేవాళ్లు, ఇక్కడ అదే పది లీటర్లలో కలుపుతారు. ఇరవై రెట్లు చిక్కన. అందుకే రెండు మూడు మందులు కలిపేముందు ముందుగా ఒక సీసాలో కొద్దిగా కలిపి చూడాలి. అరగంటలో విరిగినా, అడుగున పేరుకున్నా వద్దు. పొడి మందును బకెట్లో కరిగించి, గుడ్డలో వడకట్టి, ఆ తర్వాతే నూనె మందు పోయాలి. ఈ వరస తప్పితే ముందు ఫిల్టరు, తర్వాత నాజిల్ మూసుకుపోతాయి. బోరు నీళ్ల పీహెచ్ 8 దాటితే కొన్ని మందులు ట్యాంకులోనే బలం కోల్పోతాయి. పీహెచ్ మీటరు పెట్టెలోనే ఉంచేయకండి.

ఎత్తుగా పెరిగిన కందికి, మనిషి దూరలేని మొక్కజొన్నకు, పొట్ట దశ వరికి దీన్ని మించింది లేదు. పాము భయం లేదు, పైరు తొక్కుడు లేదు, మందు ఒంటి మీద పడదు. వరిలో రసం పీల్చే సుడిదోమ తెచ్చే దోమపోటుకు మాత్రం నమ్ముకోవద్దు. దోమ దుబ్బు మొదట్లో ఉంటుంది, సన్నని తుంపర అక్కడిదాకా దిగదు. పాయలు తీసి పవర్ స్ప్రేయర్‌తో మొదళ్లు తడపాల్సిందే. మిరపలో ఆకు అడుగున, పూలలో దాగే తామర పురుగుదీ అదే సంగతి.

గాలి సెకనుకు మూడు మీటర్లు దాటితే ఆపేయండి. వరిలో కొట్టిన 2,4-డి కలుపు మందు పక్క పత్తి మీద పడితే ఆకులు వేళ్లలా ముడుచుకుపోతాయి, పంట దెబ్బతింటుంది. రొయ్యల చెరువుల పక్కన సింథటిక్ పైరిత్రాయిడ్ పురుగుమందులు అసలే వద్దు, అవి రొయ్యలకు విషం.

అప్పగించే రోజే యూఐఎన్ నంబరు (డ్రోన్ రిజిస్ట్రేషన్ సంఖ్య), టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌కు ఆమోద పత్రం), బీమా పత్రం చూసుకుని తీసుకోండి. మెయింటెనెన్స్ ఒప్పందంలో బ్యాటరీలు, మోటార్లు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. రెండో ఏడాది బీమా సొమ్ము సంఘమే కట్టాలి కాబట్టి ఎకరా బాడుగలోంచి మొదటి నెల నుంచే కొంత విడిగా జమ చేయండి. కొత్త బ్యాటరీలకు కూడా ఆ ఖాతాయే దిక్కు. పైలట్ సర్టిఫికెట్ ఒక్కరికే ఉంటే ఆమెకు జ్వరం వచ్చిన రోజు డ్రోన్ కదలదు. సంఘంలో రెండో మనిషికి కూడా శిక్షణ ఇప్పించండి.